చిరివేరు ఎరుపు

పోయిన నెలలో ఒకరోజు బాపట్ల స్టేషను రోడ్డులో మందులు కొనుక్కుని వస్తూ, కుర్చీలు అమ్మే ఒక కొట్టు ముందు ఆగిపోయాను. ఆగాలని ఆగలేదు, ఘాటైన వాసన ఏదో ముక్కుకి తగిలి ఆగాను. కొట్టతను మూతికి గుడ్డ కట్టుకుని, పేము కుర్చీ ఒకటి మెట్ల మీద బోర్లా పడేసి, చేతిలో గొట్టంతో దానిమీద బుసబుసమని ఎర్రరంగు కొడుతున్నాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషిని, నా దారిన నేను పోవచ్చు కదా! ఊహూఁ, పేము కనిపిస్తే నా నోరు ఊరుకోదు. ఎంతసేపు నానబెట్టావు బాబూ అని అడిగాను. అతను గొట్టం దించి, నన్ను ఎగాదిగా చూసి, "నానబెట్టేదేంటి మామ్మగారూ, స్ప్రే అండి ఇది. పది నిమిషాల్లో ఆరిపోద్దండి" అన్నాడు.

ఇదేం ఎరుపు నాయనా అనబోయి నాలుక కరుచుకుని ఇంటికొచ్చేశాను. అన్నం తిని నడుం వాల్చానో లేదో, తెనాలిలో మా పాత పెరడు కళ్ళముందుకొచ్చి నిలబడింది. మన ఈడువాళ్ళకి చెప్పక్కర్లేదు, ఈ వయసులో మధ్యాహ్నపు కునుకు నిద్రా కాదు, మెలకువా కాదు. కాలవ మీద నుంచి వచ్చే చల్లగాలి, దండెం మీద వరసగా ఆరే ఎర్రటి బాణాలు, రాగి కుండ మీద లేచే సన్నటి ఆవిరి, ఆ ఆవిరి వెనకాల మా మామ్మ గొంతు, అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చి కూర్చున్నాయి. లేచి చూస్తే కళ్ళు తడిగా ఉన్నాయి.

మా నాన్నది పేము పని. తెనాలిలో ఆ రోజుల్లో పేముతో బుట్టలు, ఉయ్యాలలు, కుర్చీలు అల్లేవాళ్ళు చాలామంది ఉండేవారు గాని, విల్లంబులు చేసేది మాత్రం మా ఇల్లొక్కటే. మొదట్లో అవన్నీ నాటకాలవాళ్ళకే వెళ్ళేవి. స్టేజీ మీద రాముడు పట్టినా అర్జునుడు పట్టినా మా పెరట్లో వంగిన విల్లే పట్టాలి. ఆదివారం గుడికి వెళ్ళి కీర్తనలు పాడి వచ్చే లూథరన్ క్రైస్తవ కుటుంబం వాళ్ళం, సోమవారం నుంచి రాముడికి విల్లు చెయ్యడమేంటని ఎవరైనా వేళాకోళం చేస్తే, దేవుడికి లేని అభ్యంతరం మీకెందుకని మామ్మ నోరు మూయించేది. మామ్మ అంటే నాన్నకి అమ్మ. మా అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. అక్కనీ నన్నూ పెంచింది మామ్మే. తర్వాత్తర్వాత బాపట్ల నుంచి రిటైరైన డ్రిల్లు మాస్టారొకరు వచ్చి, ఆడపిల్లలకి విలువిద్య నేర్పాలనుకుంటున్నాననీ, మీ విల్లులు స్టేజీ మీద మెరవడానికేనా, నిజంగా బాణం వదులుతాయా అనీ అడిగారు. నాన్నకి రోషం వచ్చింది. లోపల్నుంచి ఒక విల్లు తెచ్చి, నారి లాగి, పెరటి చివరన్న కొబ్బరిచెట్టులోకి బాణం దిగగొట్టారు. మాస్టారు ఆ బాణాన్ని పెరకలేక నవ్వేశారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో నాటకం విల్లుల పక్కన నిజం విల్లులు కూడా పుట్టడం మొదలైంది.

నిజం బాణంతో ఒక చిక్కుంది, అదిక్కడే చెప్పేస్తాను. సన్నపేముని నిప్పుసెగ మీద సాపు చేసి కోసిన బాణాలు చూడ్డానికి అన్నీ ఒక్కలాగే ఉంటాయి గాని, వేళ్ళ మధ్య వంచితే కొన్ని గట్టిగా, కొన్ని మెత్తగా ఉంటాయి. బరువైన విల్లుకి గట్టి బాణమే కావాలి. అందులో మెత్తది పెట్టారంటే నారి తోపుకి తట్టుకోలేక వంకర తిరిగి పక్కకి పోతుంది. నాన్న పచ్చి బాణాల్ని ఒక్కొక్కటీ వంచి చూసి రెండు కట్టలు కట్టి మామ్మకి ఇచ్చేవారు. గట్టివాటికి మామ్మ ముదురు ఎరుపు వేసేది, మెత్తవాటికి లేత ఎరుపు. ఇక ఆ తర్వాత ఎవరూ వంచి చూసే పని లేదు. మామ్మ రంగే గుర్తు.

ఆ ఎరుపు బజార్లో దొరికేది కాదు. చిరివేరు అని, ఇసుకనేలల్లో పెరిగే చిన్న మొక్క. పైకి చూస్తే గడ్డిపోచకి ఎక్కువ, మొక్కకి తక్కువ. దాని వేరులో ఉంటుంది ఎరుపంతా. ఎండాకాలం రాగానే మామ్మ నన్ను వెంటేసుకుని తెనాలిలో పాసింజరు ఎక్కి బాపట్లలో దిగేది, అక్కణ్ణుంచి బండి కట్టించుకుని సముద్రం వైపు ఇసుకదిబ్బలకి. కర్లపాలెం వైపు నుంచి వచ్చిన ఆడవాళ్ళు కొందరు అక్కడ వేరు తవ్వి, చిన్నచిన్న కట్టలు కట్టి పెట్టుకునేవారు. మామ్మ ఒక వేరు తీసుకుని గోటితో గీరి, అరచేతిలో కాస్త సున్నం వేసి రుద్దేది. పసుపుపచ్చగా ఉన్న వేరు సున్నం తగలగానే ఎర్రబారితే సరే, లేకపోతే ఆ కట్ట పక్కకి. ఆవిడ సంచీలో ఎప్పుడూ సున్నపుకాయ ఉండేది. తమలపాకు ముట్టని మనిషి సున్నపుకాయ మోస్తుందేంటని గుడిలో వాళ్ళు చెవులు కొరుక్కునేవారట. తిరుగు రైల్లో వేర్ల మూట మీద తల పెట్టుకుని నేను పడుకుంటే, ఉప్పుగాలి వాసనా, మట్టి వాసనా కలిసి, రైలు తెనాలి చేరినా లేవబుద్ధయ్యేది కాదు. ఇప్పుడు నేను బాపట్లలోనే ఉంటున్నా ఆ వాసన ఎటు పోయిందో తెలీదు.

ఇంటికొచ్చాక అసలు పని. పేముకి పైన నున్నటి పొర ఉంటుంది, దాన్ని గీరెయ్యకపోతే రంగు పట్టదు. గీరిన బాణాల్ని కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి, ఎండబెట్టి, పటిక నీళ్ళలో ముంచి మళ్ళీ ఎండబెట్టాలి. అప్పుడు రాగి కుండలో కాలవ నీళ్ళు పోసి, దంచిన చిరివేరు వేసి, పొయ్యి మీద సన్నసెగన ఉంచాలి. మరిగిందా, పేము పెళుసెక్కుతుంది. ఉప్పునేల వేరు, తియ్యనీటి కుండ, తొందరపడని పొయ్యి, ఈ మూడూ కుదిరితే ఎరుపు దానంతటదే వస్తుందనేది మామ్మ. మరి ఎంతసేపు ఉంచాలి? గడియారం చూడ్డం ఆవిడకి రాదు. కీర్తన పాడేది. ఆరు చరణాల కీర్తన ఒకటి ఉండేది ఆవిడకి, వాళ్ళ అమ్మ దగ్గర నేర్చుకున్నది. మెత్త బాణాలు వేశాక ఆ కీర్తన మొదట్నుంచి చివరిదాకా ఒక్కసారి పాడి తీసెయ్యాలి. గట్టివాటికి మూడుసార్లు పాడాలి. సాగదీసి, సాగదీసి, చరణానికీ చరణానికీ మధ్య ఊపిరి తీసుకుని, కుండలోకి చూస్తూ పాడేది. ఆ పాట సాగుతున్నంతసేపూ పెరట్లో ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. ఇంకో నియమం కూడా ఉండేది. కుండ ఎక్కించిన చెయ్యే కుండ దించాలి. మధ్యలో చెయ్యి మారకూడదు.

మామ్మ మనసు బాగోలేని రోజున కీర్తన ఇంకా నెమ్మదిగా సాగేది. ఆ రోజు బాణాలు లేతవి కాస్త ముదిరేవి, ముదురువి నల్లెరుపెక్కేవి. తేడా తేడాగానే ఉండేది గనక ఇబ్బంది లేదు. తాతయ్య పోయిన నెలలో రంగు వేసిన బాణాలైతే ఎండిన నేరేడుపండు రంగులో ఉండేవి. నాన్న దండెం వంక చూసి, ఇవాళ అమ్మతో తగువు పెట్టుకున్నదెవర్రా అని అడిగేవారు. ఎక్కువసార్లు అది నేనే.

అక్క నాకంటే మూడేళ్ళు పెద్దది. మాస్టారి దగ్గర విలువిద్య నేర్చుకున్న మొదటి పిల్లల్లో అదొకతి. పొడుగ్గా, గట్టిగా ఉండేది, మాట తక్కువ. నాన్న దానికోసం పెరట్లో ఉన్నవాటిలోకల్లా బరువైన విల్లు వంచి, చిరివేరులో మామ్మ చేత రెండు పూటలు రంగు వేయించి, నువ్వులనూనె పట్టించి ఇచ్చారు. సాయంత్రాలు కాలవగట్టు మీద గడ్డిచక్రం నిలబెట్టి అక్క బాణాలు వేస్తుంటే, నేను గట్టు మీద కూర్చుని చూసేదాన్ని. అది నారి లాగి పట్టుకున్న ఆ ఒక్క క్షణం నీళ్ళు కూడా ఆగినట్టుండేది నాకు. అక్కకి ఒకటే కోరిక, వ్యాయామం పంతులమ్మ కావాలని. జిల్లా జట్టుకి ఎంపికైన పిల్లకి ఆ శిక్షణలో సీటు ఖాయమనీ, కాకపోతే ఆశ వదులుకోవడమేననీ మాస్టారు చెప్పారు. ఎంపిక బాపట్లలోనే, వేసవి సెలవుల్లో. ఇద్దరు ఆడపిల్లల్ని తీసుకుంటారు. అక్క ఆ ఏడాదంతా మరో మాట మాట్లాడలేదంటే నమ్మండి.

ఎంపికకి పదిహేను రోజుల ముందు మాస్టారు ఇంటికొచ్చి, కాఫీ తాగి, కాస్త నసిగి, పెద్దావిడకి కళ్ళు మసకేసినట్టున్నాయి, ఈసారి బాణాలు రంగు చూసి కాకుండా మళ్ళీ వంచి చూసి ఏరితే మంచిదేమోనండి అన్నారు. ఆయన మంచికే అన్నారు. మామ్మకి శుక్లాలు వస్తున్న మాట నిజమే. కానీ వసారాలో కూర్చున్న మామ్మ ఆ మాట వినేసింది. కర్ర తాటించుకుంటూ వచ్చి, "ముప్పై ఏళ్ళ నుంచి పాట చూసి వేస్తున్నానండి మాస్టారూ, కళ్ళు చూసి కాదు. నా రంగు ఒక్కసారి తప్పిందని ఎవరన్నా చెప్పండి, ఆ పూటే కుండ బోర్లించేస్తాను. మళ్ళీ పొయ్యి మొహం చూడను" అంది. ఆవిడ మాట అన్నదంటే అన్నట్టే. కుండ లేకపోతే మామ్మకి పొద్దెలా గడుస్తుందో మాకెవరికీ ఊహకి కూడా అందేది కాదు. మాస్టారు రెండు చేతులూ జోడించి, ఆ మాట వెనక్కి తీసుకున్నారు. అక్క గుమ్మంలో నిలబడి అంతా వింది.

అప్పటికి నేను బాపట్లలో టీచరు ట్రైనింగులో చేరి ఏడాదైంది, హాస్టల్లో ఉండేదాన్ని. అక్కడ సాయంత్రం ప్రార్థనలో మామ్మ కీర్తననే పాడేవాళ్ళం, అవే ఆరు చరణాలు, కానీ రాగం వేరు. హార్మోనియం మీద చకచకా సాగే కొత్త రాగం. మొదటిసారి విన్నప్పుడు మామ్మ కీర్తనకి రెక్కలొచ్చాయనిపించింది. ఏడాదిపాటు రోజూ పాడితే ఇంకేముంది, నాలుక మీద అదే కూర్చుంది. సెలవులకి ఇంటికొచ్చేసరికి అంట్లు తోముతున్నా, ముగ్గు వేస్తున్నా అదే కూనిరాగం. అందులో తప్పేంటో నాకు తట్టనైనా లేదు.

ఎంపికకి నాలుగు రోజులుందనగా మామ్మ అక్క బాణాల కోసం కుండ ఎక్కించింది. నాన్న రేపల్లెలో బాతు ఈకలు తేవడానికి వెళ్ళారు, బాణాల తోకకి కట్టే ఈకలు. అక్క కొలకలూరులో స్నేహితురాలి ఇంటికి వెళ్ళింది. మామ్మ మెత్త బాణాలు వేసి కీర్తన ఒక్కసారి పాడి తీసింది, అవి చక్కగా లేత ఎరుపులో వచ్చాయి. గట్టివి వెయ్యబోతుండగా ఆవిడకి చలిజ్వరం ముంచుకొచ్చింది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, నిలబడలేకపోతోంది. చెయ్యి మారకూడదన్న నియమం పెట్టిన మనిషే నా చెయ్యి పట్టుకుని, మూడుసార్లు పాడి దించెయ్యి అమ్మాయ్, ఎవరితోనూ అనకు అని చెప్పి, లోపలికెళ్ళి దుప్పటి కప్పుకుంది. నాకెంత గర్వం వచ్చిందో చెప్పలేను. మామ్మ కుండ నా చేతిలోకి రావడం అంటే మాటలా! గట్టి బాణాలు వేసి, చెంగు బిగించి, కుండ ముందు నిలబడి, ఆరు చరణాలూ మూడుసార్లు, ఒక్క మాట పొల్లుపోకుండా పాడాను. హాస్టలు రాగంలో.

పాట సగం సేపట్లోనే అయిపోయిందని నాకు తెలియలేదు. పాడేవాళ్ళకి తెలుస్తుందా? బాణాలు దించి చూస్తే అనుకున్నంత ముదురుగా లేవు. ఆరితే ముదురుతాయిలే అనుకుని, మెత్తవాటి పక్కనే అదే దండేనికి కట్టాను. గంట కాకుండానే మబ్బు పట్టి, జల్లు మొదలైంది. పరిగెత్తి రెండు చేతులా అన్నీ లాగేసుకుని వసారాలో కుప్ప పోశాను. వాన వెలిశాక కుప్ప విప్పి రంగు చూసి విడదీస్తుంటే, చాలావరకు తెలిసింది గాని, ఒక మూడు నాలుగు బాణాల దగ్గర అనుమానం వచ్చింది. అటుదా, ఇటుదా? మామ్మని లేపి అడగొచ్చు. నాన్న వచ్చాక వంచి చూడమనొచ్చు. అడిగితే చెయ్యి మారిన సంగతి చెప్పాలి, నా ఎరుపు సరిగా రాలేదని చెప్పాలి. వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, తోచినట్టు పెట్టేశాను. నాన్న ఆ సాయంత్రం వచ్చి ఈకలు కట్టి, ఎరుపు చూసి పన్నెండు ఏరి అక్క అమ్ములపొదిలో సర్దారు. ఈసారి మామ్మ మనసు తేలిగ్గా ఉన్నట్టుంది, రంగు తేలిగ్గా వచ్చింది అన్నారు నవ్వుతూ. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఎంపికనాటికి మామ్మ జ్వరం తగ్గింది. వద్దన్నా వినకుండా శాలువా కప్పుకుని మాతో రైలెక్కింది. మైదానంలో ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. బాణాలు ఎటు పోతున్నాయో ఆవిడకి కనిపించదు, జనం చేసే చప్పుడు బట్టి పోల్చుకునేది. అక్క ఎనిమిది బాణాలు వేసింది. ఎనిమిదీ గడ్డిచక్రం నడిమధ్యకి అటూ ఇటూగా దిగాయి. జనం అరుస్తుంటే మామ్మ నా చెయ్యి నొక్కుతోంది. ప్రతి బాణాన్నీ పెట్టబోయే ముందు వేళ్ళ మధ్య ఒకసారి జారవిడవడం అక్కకి అలవాటు. తొమ్మిదో బాణం అలా జారవిడిచి, ఆగింది. బాణం నచ్చకపోతే చెయ్యెత్తి మరోటి అడగొచ్చని మాస్టారు ముందే చెప్పారు, మరో పొది పట్టుకుని నాన్న మూడడుగుల్లోనే నిలబడి ఉన్నారు. అక్క ఒకసారి మా వైపు చూసింది. చెయ్యెత్తలేదు. ఆ బాణమే పెట్టి, నారి లాగి, వదిలేసింది. అది వంకర తిరుగుతూ పక్కకి పోయి, సరుగుడు చెట్ల దగ్గర ఇసుకలో పడింది. మిగతా మూడూ బాగానే పడ్డాయి గాని, ఆ ఒక్కదాంతోనే అక్క మూడోదైంది. తీసుకున్నది ఇద్దర్నే. అక్క వచ్చి మామ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "గాలి తిప్పేసింది మామ్మా. సముద్రపు గాలి కదా" అంది. సరుగుడు కొమ్మ ఒక్కటి కూడా కదలడం లేదు. అక్క ఓటమి ఒప్పుకోలేక గాలి మీద తోసిందనుకున్నాను నేను.

మర్నాడు మామ్మ వసారాలో కూర్చుని, ఇసుకలోంచి ఏరి తెచ్చినదానితో సహా పొదిలో బాణాలు తీసి, ఒక్కొక్కటీ ఒళ్ళో పెట్టుకుని తడిమి చూసింది. ఒకదాన్ని వంచి, మళ్ళీ వంచి, చాలాసేపు చేతిలోనే ఉంచుకుంది. సాయంత్రం నేను రాగి కుండ తోముతూ అలవాటు కొద్దీ కూనిరాగం తీస్తున్నాను. వెనకనుంచి, "ఏమే, ఆ వేళ కూడా ఈ రాగమేనా పాడింది?" అంది మామ్మ. చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది. తలూపాను, అది ఆవిడకి కనిపించదని గుర్తొచ్చి, అవును మామ్మా అన్నాను. తిడుతుందనుకున్నాను. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, దగ్గొచ్చేదాకా నవ్వింది. "ఓరి దేవుడా, కీర్తనని రైలెక్కించావు కదే!" నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, నన్ను దగ్గర కూర్చోబెట్టుకుంది. అక్కతో చెప్పేస్తాను మామ్మా అంటే ఒప్పుకోలేదు. "అప్పచెల్లెళ్ళ మధ్య ఇలాంటిది పడితే మళ్ళీ అతకదు. రేపో మాపో ఆ బాణం దాని చేతికి తగిలినా, నా కళ్ళు పోయాయనుకుంటుంది. అనుకోనీ. ముసలిదాన్ని, నా మీదుంటే సరిపోద్ది" అని, నా దగ్గర మాట తీసుకుంది. కుండ మాత్రం బోర్లించలేదు. గాలి అన్నాక ఇక రంగు మాట ఎవరెత్తుతారు? ఇంకో రెండేళ్ళు వేసింది, సెలవులకి వచ్చినప్పుడల్లా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, పాత రాగంలో నా చేత కూడా పాడించుకుంటూ. ఆ తర్వాత ఒక వేసవిలో, వేర్ల కట్టలు తడిమి చూసుకున్న వారానికి పోయింది.

నేను టీచరునయ్యాను. అక్క రేపల్లెలో ఒక ఆఫీసులో గుమస్తాగా చేరి, అక్కడే పెళ్ళి చేసుకుని, అక్కడే రిటైరైంది. విల్లు మళ్ళీ పట్టలేదు. నాన్న తర్వాత పెరట్లో పొయ్యి వెలగలేదు. పండగలకీ పబ్బాలకీ కలిసినప్పుడల్లా, ఇప్పుడు చెప్పేద్దాం, ఇప్పుడు చెప్పేద్దాం అనుకునేదాన్ని. మామ్మకి ఇచ్చిన మాట కదా అని సర్దిచెప్పుకునేదాన్ని. మొదటి పదేళ్ళూ అది మాటే కావచ్చు, ఆ తర్వాతదంతా పిరికితనం. నా మూలంగా దాని బతుకు దారి మళ్ళిపోయిందని దాని మొహం మీద చెప్పడానికి భయం వేసింది, అంతే.

ఆ కుర్చీల కొట్టు ముందు ఆగిన మర్నాడే రేపల్లె బస్సెక్కాను. అక్కకి ఇప్పుడు డెబ్బై ఒకటి. గుమ్మం ముందు పీట వేసుకుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. ఫోనైనా చెయ్యకుండా వచ్చావేంటే, ఒంట్లో బానే ఉందా అంది. నేనూ నాలుగు కాయలు అందుకుని, తలెత్తకుండా మొత్తం చెప్పేశాను. జ్వరం, కుండ, హాస్టలు రాగం, వాన, అనుమానం వచ్చిన మూడు నాలుగు బాణాలు. చెప్పడం అయిపోయాక కూడా తలెత్తలేదు. తిట్టాలని, గట్టిగా తిట్టాలని ఎంత కోరుకున్నానో ఆ దేవుడికే తెలుసు.

"అది మెత్తదని చేతిలోకి తీసుకోగానే తెలిసింది నాకు" అంది అక్క. అప్పుడు తలెత్తి చూశాను. చెయ్యెత్తితే నాన్న వచ్చి బాణం వంచి చూస్తారు, మాస్టారు చూస్తారు, అందరి ముందూ మామ్మ రంగు తప్పినట్టవుతుంది, ఆవిడ అన్నంత పనీ చేసి కుండ బోర్లించేస్తుంది. అందుకని వేసేశానే అంది, వంటింట్లో పాలు పొంగితే దించేశాను అన్నంత మామూలుగా. పంతులమ్మ కావాలన్న ఒకే ఒక్క కోరికని ఆ పిల్ల మామ్మ కుండ కోసం ఇసుకలోకి వదిలేసింది, తప్పేమో నాది. నా కోసం అక్కా, నా మూలంగా అక్కా అంటూ ఏదో గొణుగుతున్నాను. అది వినిపించుకోవడం లేదు. చేతిలో కాయ అలాగే పట్టుకుని, ఎటో చూస్తూ, "అయితే ఆ రంగు మామ్మది కాదా?" అంది. కాదక్కా, నాదే అన్నాను. "మామ్మ చెయ్యి తప్పలేదా?" తప్పలేదక్కా అన్నాను.

అక్క ఏడవడం నేను చిన్నప్పుడు కూడా చూడలేదు. చిక్కుడుకాయల పళ్ళెం పక్కకి నెట్టేసి, పమిట మొహానికి అడ్డం పెట్టుకుని, చిన్నపిల్లలాగా వెక్కివెక్కి ఏడ్చింది. ఇన్నేళ్ళూ ఆవిడ చెయ్యి తప్పిందనే అనుకున్నానే పాపిష్టిదాన్ని, ఆవిడ పాడుతుంటే చివరి రెండేళ్ళూ జాలిపడి చూశానే అంటూ. సీటు మాట గాని, పోటీ మాట గాని ఒక్కటంటే ఒక్కటి ఎత్తలేదు. ఇంతలో పాలు పోసే అమ్మాయి గేటు తీసుకుని వచ్చి, ఏమైందో అని బిక్కమొహం వేసింది. అక్క మొహం తుడుచుకుని నవ్వి, "మా మామ్మ రంగు తప్పలేదట అమ్మాయ్!" అంది. ఆ పిల్ల నా వంకా అక్క వంకా చూసి, "అలాగాండీ, మంచిదండీ" అని పాలు పోసి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం కూరల బండి అతనికీ, పక్కింటావిడకీ కూడా అక్క ఆ మాటే చెప్పింది. వాళ్ళూ మర్యాదకి తలలూపారు.

ఇప్పుడు పిల్లలు వాడే బాణాల మీద ఏది గట్టిదో ఏది మెత్తదో అంకెలు వేసే వస్తాయట. మంచిదే, ఎవరి చెయ్యీ తప్పదు, ఎవరూ ఎవరి తప్పునీ దాచక్కర్లేదు. కానీ ఆ తిరుగు బస్సులో కూర్చుని లెక్క వేసుకున్నాను. నాన్న లేరు. మాస్టారు లేరు. వేరు తవ్వే ఆడవాళ్ళు లేరు, ఆ మైదానంలో అక్క బాణాలకి అరిచినవాళ్ళు ఎక్కడున్నారో తెలీదు. మామ్మ రంగు తప్పలేదన్న మాట విని, అవునా, నిజమా అని లేచి నిలబడాల్సిన మనిషి ఒక్కరు కూడా మిగల్లేదు. అక్కకి తప్ప ఇంకెవరికీ అక్కర్లేని సంతోషం అది, అది కూడా యాభై ఏళ్ళు ఆలస్యంగా తీసుకెళ్ళి ఇచ్చాను.